విప్పడానికి కట్టిన చేతితాడు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి, ఇసుక దులుపుకుని వెళ్ళిపోవచ్చు. నేను ఆపను. మధ్యలో లేచి "అదెలా కుదురుతుంది తాతా" అనేవాళ్ళంటేనే నాకు ఒళ్ళు మంట. కిందటిసారి ఒకడు అలాగే అడిగాడు. వాడికి జవాబు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. మూడో రోజున వాడే నా కాళ్ళు పట్టుకుని, నమ్మేశాను తాతా, ఇంటికి పోనియ్యి అన్నాడు. కాబట్టి అనుమానం ఉన్నవాళ్ళు ముందే చెప్పండి.

ఎవరూ లేవరా? సరే. అయితే వినేముందు మీ చేతులు ఒకసారి ఇలా చాపండి. చూశారా, నాకు తెలుసు. పదిమందిలో ఏడుగురు చేతితాడుకి పీటముడి వేసుకొచ్చారు. ఎన్నేళ్ళుగా చెబుతున్నాను? చెప్పి చెప్పి నా పళ్ళు ఊడాయి గానీ మీ ముళ్ళు ఊడలేదు. కథయ్యాక మీకే సిగ్గేస్తుంది.

సముద్రానికి ఇంకా ఉప్పు సరిగ్గా పట్టని రోజులవి. చేపలు ఒడ్డుకొచ్చి, ఫలానావాడి వల ఎక్కడుందని అడిగి మరీ వెళ్ళే రోజులు. ఆ రోజుల్లో పీతలదిబ్బ అని ఒక పల్లె ఉండేది. అక్కడ అందరిదీ తెప్పల బతుకు. తెప్ప అంటే ఏముంది, మూడు దుంగలు. మూడూ పక్కపక్కన పెట్టి ముందొక తాడుకట్టు, వెనకొక తాడుకట్టు. మేకు లేదు, చీల లేదు. ఆ రెండు కట్లూ ఉన్నంతసేపే అది తెప్ప. కట్టు తెగిందా, మూడు దుంగలూ మూడు దారులు. మధ్యలో మనిషిది నాలుగో దారి.

ఆ పల్లెలో కొర్లమ్మ అని ఒకామె ఉండేది. గొప్పమనిషేం కాదు. చినిగిన వలలు బాగుచేసి బతికేది. ఒక తాటాకు గుడిసె, ఒక గంజికుండ, వల అల్లే వెదురు సూది ఒకటి. ఇంతే ఆమె కలిమి. కానీ ఆమె వేళ్ళు వల మీద పడితే కంటికి కనపడేవి కావు, గాలి మాత్రం తగిలేది. తిమింగలం చించి పారేసిన వలని ఎసరు కాగేలోగా బాగుచేసి, మిగిలిన దారంతో పొయ్యి దగ్గర పిల్లికి ఉయ్యాల అల్లేది. ఇక గొంతంటారా, ఒడ్డున నిలబడి కొడుకుని పిలిస్తే మూడు పల్లెల్లో కొడుకులు "వత్తన్నానమ్మా" అని లేచి నిలబడేవాళ్ళు.

ఆమె మొగుడు ఎర్రన్న. ఒక కార్తీకమాసంలో వేటకి వెళ్ళాడు. నడిసముద్రంలో తెప్ప ముందుకట్టు తెగింది. మొదటిరోజు ఒక దుంగ ఒడ్డుకొచ్చింది. రెండోరోజు రెండో దుంగ వచ్చింది. మూడోరోజు మూడోది వచ్చింది. ఎర్రన్న రాలేదు.

పల్లె అంతా గుండెలు బాదుకుంది. కొర్లమ్మ ఏడవలేదు. మూడు దుంగల దగ్గరకీ వెళ్ళి, వాటికి వేలాడుతున్న తెగిన తాడు కొసల్ని ఒక్కొక్కటే వేళ్ళతో నలిపి చూసింది. ఆమెకి దుఃఖం కాదు, విసుగొచ్చింది. అంత పెద్ద సముద్రాన్ని ఈదగలిగే మనిషి, సొరచేపని మెడ పట్టుకుని ఒడ్డుకి నడిపించుకొచ్చిన మనిషి, దేనికి పోయాడు?

"మూర తాడు," అంది. "సేతిలో మూర తాడు నేక పోనాడు."

ఓదార్చడానికి వచ్చినవాళ్ళందరికీ మూడు రోజులూ అదే మాట చెప్పింది. నాలుగోరోజు జనపనార నీళ్ళలో నానేసి, తొడమీద తాడు పేనడానికి కూర్చుంది. ఎందుకంటే ఇంట్లో ఇంకొకడు ఉన్నాడు. కొడుకు అసిరయ్య. వాడు కూడా వేటకే వెళ్తాడు. వెళ్ళకపోతే తిండి లేదు. వాడూ దుంగల్లాగే ముక్కలుగా ఒడ్డుకి రాకూడదు. కొర్లమ్మకి లోకంలో కావలసింది అదొక్కటే.

మూడు బారల తాడు పేనింది. మూడు పోగులు కలిపి, తంగేడు చెక్క కషాయంలో ఊరబెట్టి, నీడన ఆరేసింది. తెగిన కట్టు మళ్ళీ కట్టడానికి మూడు బారలు సరిపోతాయి. కానీ ఎక్కడ పెట్టుకెళ్తాడు? మొదటిరోజు చేపలబుట్టలో పెట్టి పంపింది. మొదటి కెరటానికే బుట్ట పోయింది, తాడూ పోయింది. రెండోరోజు తలపాగాలో చుట్టి పంపింది. గాలికి తలపాగా ఎగిరి ఎక్కడో బర్మాలో పడిందట. మూడోరోజు మొలకి కట్టి పంపింది. తడిసి బిగుసుకుని, సాయంత్రానికి అసిరయ్య ఊపిరాడక కళ్ళు తేలేసి వచ్చాడు.

కొర్లమ్మ తల పట్టుకుంది. మనిషి ఏం పోగొట్టుకున్నా చెయ్యి మాత్రం పోగొట్టుకోడు కదా అని ఆలోచించింది. తాడు చేతికే ఉండాలి. కానీ మూడు బారల తాడు ఊరికే చుట్టి ఊరుకుంటే తెడ్డుకి చిక్కుకుంటుంది. అప్పుడు పట్టింది ఆమెకి ఉపాయం.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఇంతకంటే తేలికైన పని భూమ్మీద ఇంకోటి లేదు. అన్నంలో చారు కలపడం దీనికంటే కష్టం. తాడు ఒక చివర ఉచ్చు వెయ్యాలి. ఆ ఉచ్చులోంచి తాడుని కొంచెం పైకి లాగితే ఇంకో ఉచ్చు అవుతుంది. అందులోంచి లాగితే ఇంకోటి. అలా ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోతే బారలకొద్దీ తాడు మూరలకొద్దీ గొలుసవుతుంది. దాన్ని ముంజేతికి మూడు చుట్లు చుట్టి, మిగిలిన కొసని ఆఖరి ఉచ్చులో దూర్చి బిగించాలి. అదే చేతితాడు. చూడ్డానికి కడియంలా ఉంటుంది. కావలసినప్పుడు ఆ కొసని ఉచ్చులోంచి పళ్ళతో బయటికి తీసి ఒక్క గుంజు గుంజితే, సర్రుమని మొత్తం జారి మూడు బారల తాడు చేతిలో ఉంటుంది. అందులో ఎక్కడా ముడి లేదు. ముడి ఉంటే జారదు. అర్థమైందా? అర్థం కాలేదు. మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. పీతలదిబ్బవాళ్ళకీ అర్థం కాలేదు.

నాలుగోరోజు అసిరయ్య చేతికి తాడు కట్టింది. కట్టి, విప్పి చూపించమంది. వాడు విప్పి చూపించాడు. మళ్ళీ కట్టింది. వాడు వేటకి వెళ్ళాడు.

ఆ రోజు అసిరయ్య వలలో పడిన చేపని నేను ఎంతని చెప్పను? తోక పీతలదిబ్బలో ఉంటే తల పక్కపల్లెలో ఉంది. దాని కంట్లో పిల్లలు ఈత నేర్చుకున్నారు. దాని పొలుసులు మూడిళ్ళకి పైకప్పులయ్యాయి. ఇంత చేప ఈ కుర్రాడి వలలో ఎలా పడిందని పల్లె పల్లెంతా వాడి చుట్టూ మూగింది. వాడి ఒంటిమీద కొత్తగా కనపడింది ఒక్కటే, చేతితాడు.

ఇంకేముంది. తెల్లారేసరికి కొర్లమ్మ గుడిసె ముందు బారులు తీరారు. ఒకడు పసుపు తెచ్చాడు. ఒకడు నిమ్మకాయలు తెచ్చాడు. ఒకడు ఎర్రకోడిని చంకలో పెట్టుకొచ్చాడు. ఆ చేప పడింది వల సరిగ్గా అల్లినందుకని, తాడుకీ చేపకీ సంబంధం లేదని కొర్లమ్మ మొత్తుకుంది. ఆ తల్లి అలాగే అంటుందిలే, గుట్టు బయటపెడుతుందా అని వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కన్ను గీటుకున్నారు. సరే, ఏ కారణానికైతేనేం, అందరి చేతికీ తాడుంటే మంచిదే కదా అని ఆమె నేర్పడానికి ఒప్పుకుంది. కోడిని మాత్రం వెనక్కి పంపేసింది.

మొదటిసారి ఇసుకలో అందర్నీ కూర్చోబెట్టి కట్టడం నేర్పింది. ఆహా, ఏం నేర్చుకున్నారు! ఎండ దిగేలోగా పల్లెలో చేతితాడు లేని చెయ్యి లేదు. మేకలకి కూడా కట్టారు.

రెండోసారి కూర్చోబెట్టి విప్పడం నేర్పబోయింది. తాళి తెంచమన్నట్టు చూశారు. ఒక్కడి చెయ్యీ కదలలేదు.

"కట్టింది ఇప్పడానికిరా మొద్దూ," అంది కొర్లమ్మ, ముందు కూర్చున్నవాడితో.

వాడు చెయ్యి చంకలో దాచుకున్నాడు.

మూడోసారి ఇంక చెప్పలేదు. ఇంటింటికీ వెళ్ళి, ఒక్కొక్కడి చెయ్యీ లాగి, తానే కొస తీసి గుంజి, ఇదిగో ఇలాగరా అని చూపించి వచ్చింది. ఆమె వీధి చివర తిరగ్గానే వాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. ఈసారి ఆమె కూడా విప్పలేకుండా కొసకి పీటముడి వేశారు. వల వెయ్యి కళ్ళలో ఒక్క కన్ను తప్పు అల్లితే పసిగట్టే చేతులవి. చేపల గాలానికి వేసే ముడి కళ్ళు మూసుకుని వేసే చేతులు. అలాంటివాళ్ళకి పని చేసే ముడేదో పాడుచేసే ముడేదో తెలియక కాదు. చేతితాడు అనేసరికి బుర్ర పక్కన పెట్టేశారు.

అన్నిటికంటే ఘనకార్యం కులపెద్దది. ఆయన పేరు గురువులు. ఎర్రన్నకి అన్న వరస. వేటలో దిట్ట, మాటలో దిట్ట, తాను ఒక మాట అంటే సముద్రం కూడా రెండో మాట అనకూడదనుకునే మనిషి. ఆయన పీటముడితో ఆగలేదు. తెప్పల పగుళ్ళకి పూసే గుగ్గిలం కాచి, ఆ ముడి మీద మూడు బొట్లు పోయించుకున్నాడు. అది రాయిలా గట్టిపడి ఎండలో తళతళలాడింది. అది చూసి మిగతావాళ్ళు కూడా గుగ్గిలం కాచారు.

కొర్లమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది. తమ్ముడి భార్య కాబట్టి కొంగు భుజం మీదికి లాక్కుని, గుమ్మం బయటే నిలబడి అడిగింది.

"ఏటి బావా ఇది? రేపు కట్టు తెగితే ఏటి సేత్తావు?"

"తెగదు. ఇది సేతికున్నాక కట్టు ఎలగ తెగుతాది?"

"మా ఇంటాయనకి తెగినేదా?"

"అప్పుడు ఇది నేదుగదా." గురువులు నవ్వాడు. "సూడు కొర్లమ్మా. కట్టినావు, పుణ్యం. కట్టేవరకే నీ పని. దీని మయిమ సంగతి మాకొగ్గీ."

"మయిమ నేదు బావా. అది తాడు."

ఆ మాటకి ఆయనకి కోపం వచ్చింది. చేతితాడు విప్పినవాడికి పల్లెలో నిప్పు లేదు, నీళ్ళు లేవు అని అప్పటికప్పుడే చాటింపు వేయించాడు. చాటింపు వేసేవాడి చేతికీ గుగ్గిలం ముడే. కొర్లమ్మ ఇంటికొచ్చి, గంజికుండ ముందు కూర్చుని, నేను చెప్పేది మనుషుల భాషేనా అని పిల్లిని అడిగింది. పిల్లి కూడా ముఖం తిప్పుకుంది. దాని మెడలోనూ ఎవడో తాడు కట్టాడు.

ఒక్క అసిరయ్యకి మాత్రం ఆమె సడలించలేదు. రోజూ తెప్ప నీళ్ళలోకి నెట్టేముందు ఒడ్డున నిలబడేది. "ఇప్పరా మొద్దూ," అనేది. వాడు విప్పేవాడు. ఆమె మళ్ళీ కట్టేది. చాటింపు ఉన్నా సరే, చెవిన ఆ గొంతు పడితే ఎవడు ఎదురు చెబుతాడు? గురువులు కూడా అటు తిరిగి తెడ్డు చూసుకునేవాడు.

అలా ఏడాది గడిచింది. అసిరయ్యకి పెళ్ళయింది. కోడలు పేరు చినతల్లి. మంచి పిల్ల. ఆ మంచితనంతోనే వచ్చింది తంటా. మామగారు పోయిన కార్తీకం మళ్ళీ వచ్చిందని ఆ పిల్లకి గుండెల్లో గుబులు. అందరి మొగుళ్ళ చేతులకీ గట్టి ముళ్ళున్నాయి, నా మొగుడి చేతిది గుంజితే ఊడిపోతుందట, ఇదేం రక్ష అని దిగులుపడింది. అత్త నీళ్ళకెళ్ళిన సమయం చూసి, మొగుడిని బతిమాలి, కొసకి పీటముడి వేసి మూడు బొట్ల గుగ్గిలం పోసింది. కొత్తపెళ్ళాం కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాదనగలిగినవాడిని నాకు ఒక్కడిని చూపించండి.

మర్నాడు ఒడ్డున కొర్లమ్మ ఎప్పట్లాగే నిలబడింది.

"ఇప్పరా మొద్దూ."

అసిరయ్య చెయ్యి వెనక పెట్టుకున్నాడు. "పొద్దెక్కిపోనాదమ్మా. గురువులు పెదనాన్న తెప్పమీద కాసుకున్నాడు. వచ్చినాక ఇప్పుతాన్లే."

ఆమె నోరు తెరిచేలోగా పరుగెత్తి తెప్ప ఎక్కేశాడు. ఆమె అక్కడే నిలబడిపోయింది. వాడు అంతదూరం వెళ్ళేదాకా ఆ చేతినే చూస్తూ ఉంది. ఎండలో అక్కడ ఏదో తళుక్కుమంది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మామూలు గాలా అది? తాటిచెట్లు వంగి తమ పళ్ళు తామే ఏరుకున్నాయి. బావిలో నీళ్ళు బావిని వదిలి పక్క బావిలోకి వెళ్ళాయి. వేటకి వెళ్ళిన తెప్పలన్నీ ఎలాగో ఒడ్డున పడ్డాయి. ఒక్కటి రాలేదు. గురువులూ అసిరయ్యా ఉన్న తెప్ప.

పల్లె అంతా ఒడ్డున చేరింది. ఆ తీరానికి మూడు కెరటాల వరసలు. మూడూ దాటితేనే ఇసుక. బయటి వరసకి అవతల తెప్ప కనపడింది. కనపడుతుండగానే ముందుకట్టు పుటుక్కున తెగింది. దుంగలు మొసలి నోరు తెరిచినట్టు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. అసిరయ్య బోర్లాపడి రెండు చేతులా దుంగల్ని దగ్గరికి లాగి పట్టుకున్నాడు. గురువులు లేచి నిలబడి, గుగ్గిలం ముడి ఉన్న చేతిని సముద్రానికి ఎత్తి చూపించాడు. అది చూసి ఒడ్డున జనమంతా తమ చేతులు ఎత్తి చూపించారు.

కొర్లమ్మ ఆ ఎత్తిన చేతులకేసి చూసింది. మూడొందల చేతులు. మూడొందల తాళ్ళు. ఒక్కటీ ఊడిరాదు. ఆమెకి వచ్చిన విసుగు ఆ ఒక్క రోజుదీ కాదు, ఆ ఒక్క ఏడాదిదీ కాదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి, ఎర్రన్న పోయినప్పటినుంచీ లోపల దాచిన ఊపిరంతా పీల్చి అరిచింది.

"కట్టింది ఇప్పడానికిరా మొద్దూ!"

ఆ అరుపుకి మొదటి కెరటం వెనక్కి తగ్గింది. రెండో కెరటం పక్కకి తప్పుకుంది. మూడో కెరటం పైకి లేవబోయినది లేవకుండా ఆగింది. గాలి ఒక్క క్షణం, ఎవర్ని అన్నారోనని చుట్టూ చూసుకుంది. అసిరయ్యకి వినపడింది. వినపడకేం, లంకలో కూడా వినపడి ఉంటుంది.

వాడు ముంజేతిని నోట్లో పెట్టుకుని గుగ్గిలాన్ని కొరికాడు. ఒక పన్ను విరిగింది. ఉమ్మేశాడు. మళ్ళీ కొరికాడు. ఇంకో పన్ను విరిగింది. మూడోసారి గుగ్గిలం చిట్లింది. చినతల్లి వేసిన ముడి, పాపం, చిన్న చేతులు వేసిన ముడి, పళ్ళకి లొంగింది. కొస బయటికొచ్చింది. ఒక్క గుంజు గుంజాడు. సర్రుమని మూడు బారల తాడు చేతిలో పడింది. ముందుకట్టు కట్టేశాడు. మొదటి వరస దాటారు. రెండో వరస దాటారు.

ఒక్క వరస మిగిలింది. అప్పుడు వెనకకట్టు తెగింది.

అసిరయ్య చెయ్యి చాపి, పెదనాన్నా నీ తాడివ్వు అన్నాడు. గురువులు ఆ చేతిని గుండెలకి అదుముకున్నాడు. ఇది పోతే మనం పోతామురా అన్నాడట. ఇద్దరూ బతికే తాడు చేతికి చుట్టుకుని, అది ఇవ్వను, పోతాను అన్నాడు. ఏమనాలి ఇలాంటి మనిషిని? మీరే చెప్పండి. మీరు చెప్పరు, మీ చేతులకీ అదే ముడి.

మూడో కెరటం తెప్పని ఎత్తి కొట్టింది. అసిరయ్య ఒక దుంగని వాటేసుకుని ఇసుకమీదికి వచ్చి పడ్డాడు. గురువులు నీళ్ళలో మునిగాడు, తేలాడు. ఈదుదామంటే ఒక చెయ్యే ఆడుతోంది. రెండోది ఇంకా గుండెలమీదే ఉంది.

కొర్లమ్మ తన చేతితాడు కొస పళ్ళతో లాగింది. సర్రుమని తాడు జారింది. ఒక కొస పిడికిట పట్టుకుని రెండోది ఆయనకేసి విసిరింది. మూర తక్కువైంది. ఒక అడుగు ముందుకు వేసి విసిరింది. జానెడు తక్కువైంది. గొంతుదాకా నీళ్ళలోకి వెళ్ళి మూడోసారి విసిరింది. ఈసారి గురువులు పట్టుకున్నాడు, రెండు చేతులతోనూ. ఏనుగంత ఒళ్ళు ఆయనది. అలాంటివాణ్ణి ఆ వల అల్లే ముసలామె మూడు గుంజులకి ఒడ్డుకి ఈడ్చేసింది. ఆయన ఆమెని దాటి ఇసుకమీద పడుతుండగా, వెనకే కెరటంలో వచ్చిన దుంగ ఆమె గుండెకి తగిలింది.

ఆమెని తీసుకొచ్చి పొడి ఇసుకమీద పడుకోబెట్టారు. కళ్ళు తెరిచి ముందు కొడుకు చెయ్యి వెతికి పట్టుకుంది. ముంజెయ్యి ఖాళీగా ఉంది. వేళ్ళతో తడిమి చూసుకుని తృప్తిగా వదిలింది. చినతల్లి ఆమె కాళ్ళ దగ్గర పడి, ఆ ముడి నేనే వేశానత్తా అని ఏడ్చింది. తెలుసులే అన్నట్టు కోడలి తల మీద చెయ్యి వేసింది.

తర్వాత ఆమె చూపు గురువులు చేతి మీద పడింది. ఆయన పక్కనే మోకాళ్ళమీద ఉన్నాడు. ఆ చేతికి తాడు ఇంకా ఉంది. మూడు చుట్లూ అలాగే ఉన్నాయి. గుగ్గిలం కడిగిన ముత్యంలా మెరుస్తోంది.

కొర్లమ్మ పెద్దగా నిట్టూర్చింది.

"ఇంకా ఇప్పనేదేటి, మొద్దు బావా," అంది.

అంతే. ఆ విసుగుతోనే కళ్ళు మూసింది.

గురువులు ఇంటికి పోలేదు. ఆమె వెదురు సూది అడిగి తెప్పించుకుని, ఆమె సమాధి పక్కన కూర్చుని, ఆ ముడిని పొడవడం మొదలుపెట్టాడు. తడిసి బిగిసిన జనపనార, పైన రాయిలాంటి గుగ్గిలం. ఎవరో జాలిపడి కత్తి తెచ్చి, కోసెయ్యి పెద్దా, ఎంతసేపని అన్నారు.

ఆయన తలెత్తలేదు. "కోత్తే పొట్టిదైపోద్ది," అన్నాడు.

ఆ ఒక్క మాటకి అక్కడున్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఏడాదిగా ఆమె అరిచి చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. ఒక్కొక్కడే ఇసుకలో చతికిలబడి తన ముడి తాను పొడుచుకోవడం మొదలుపెట్టాడు. మూడు రోజులు పల్లెలో పొయ్యి వెలగలేదు. వేళ్ళకొసలు పగిలాయి. గోళ్ళు ఊడాయి. మూడోరోజు పొద్దు వాలేవేళకి గురువులు ముడి ఊడింది. గుంజితే సర్రుమంది. ఆ తాడు తీసుకెళ్ళి, విడిపోయిన తెప్ప వెనకకట్టు తన చేత్తో కట్టాడు.

ఆ తర్వాత మాత్రం వాళ్ళు ఊరుకున్నారా? గుడి కడతామన్నారు. మట్టిగోడ లేపితే సముద్రం వచ్చి తీసుకుపోయింది. రాతిగోడ లేపితే దాన్నీ తీసుకుపోయింది. సున్నం పెట్టి మూడోసారి లేపితే ఈసారి సముద్రం పునాదితో సహా పెరికి పట్టుకుపోయింది. అప్పుడు చినతల్లి అంది, అత్తకి గట్టిగా ఉండేవి ఇష్టం లేదురా బాబూ అని. చివరికి ఒక వట్టి గుంజ పాతి, దానికొక తాడు చుట్టారు. దాన్ని సముద్రం ఏమీ అనలేదు.

ఆ గుంజ ఇప్పటికీ ఉంది. కొర్లమ్మ గుంజ అంటారు. దానికి కొబ్బరికాయ కొట్టరు, కోడిని కొయ్యరు. అటు వెళ్ళేవాళ్ళు ఆ తాడు ఒకసారి విప్పి మళ్ళీ చుట్టి పోతారు. అదే మొక్కు. వేటకి వెళ్ళేవాడి చేతికి ఇంట్లో ఆడవాళ్ళు తాడు కడతారు. కట్టి ఒడ్డుదాకా వచ్చి, "ఇప్పరా మొద్దూ" అంటారు. మొగుడినైనా అనాల్సిందే, మామనైనా అనాల్సిందే. అక్కడ అది తిట్టు కాదు, దీవెన. వాడు పళ్ళతో కొస లాగి విప్పి చూపించాలి. మళ్ళీ కట్టించుకుని అప్పుడు తెప్ప నెట్టాలి. ఇంట్లో అలా అనేవాళ్ళు ఎవరూ లేనివాడు పక్కింటి గుమ్మం ముందు చెయ్యి చాపి నిలబడతాడు. లోపల ఎంత పనున్నా ఎవరో ఒకరు బయటికొచ్చి ఒక్క కసురు కసిరి పోతారు. కసిరించుకోకుండా ఆ తీరంలో ఎవడూ నీళ్ళలో కాలు పెట్టడు.

ఇప్పుడు మీ చేతులు మళ్ళీ చాపండి. ఊఁ. గుంజండి. రావడం లేదు కదూ? మూడు పల్లెల్ని వణికించిన ఆ గొంతు లేదు కాబట్టి నా గొంతుతో సరిపెట్టుకోవాలి మీరు. ఇంటికెళ్ళి, కోయకుండా, గోళ్ళతో తీసి, మళ్ళీ నేను చెప్పినట్టు కట్టుకోండి.

ఇదంతా నేను కల్పించానని ఎవరికైనా మనసులో ఉంటే, ఆ రోజు ఒడ్డున చెయ్యెత్తి నిలబడ్డ మూడొందల మందిలో ఒకామె ఇంకా బతికే ఉంది. కొర్లమ్మ గుంజ దాటాక మూడో గుడిసె. అసిరయ్య ఉమ్మేసిన రెండు పళ్ళూ ఇసుకలో ఏరింది ఆవిడే. ఇంకా కొంగున ముడేసుకుని తిరుగుతోంది, జారుముడే. వెళ్ళి అడగండి. ముందు మీ చెయ్యి చూపించమంటుంది, తిట్లకి సిద్ధపడి వెళ్ళండి. పేరు సూరాడ దానమ్మ.